ఎనిమిది ఇవ్వకండి, ఐదే ఇవ్వండి!

గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ‘సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఇన్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అని బంగారు రంగు అక్షరాలు. ఫ్లెక్సీలో ఓ రోబో. రోబో పక్కన కరస్పాండెంట్ గారు. ఇద్దరిదీ ఒకటే నవ్వు. ఆ ఫ్లెక్సీ కింది నుంచి దూరి, మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి కంప్యూటర్ ల్యాబులోకి తొంగి చూడండి. నీలం తెర. టర్బో సీ! సీ భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే కంపైలర్, బోర్లాండ్ కంపెనీ 1987లో బజారులోకి వదిలిన సరుకు. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కాలం నాటిది. ఇవాళ్టి కంప్యూటర్ మీద అది నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే ముసుగు తొడిగి, ‘నువ్వింకా పాత రోజుల్లోనే ఉన్నావు నాయనా’ అని నమ్మించి నడిపించాలి. బయట కృత్రిమ మేధకు కొబ్బరికాయ. లోపల డాస్‌కు ఏటేటా తద్దినం.

ఇంకో సంగతి. అదే 1987లో జీసీసీ అనే కంపైలర్ కూడా పుట్టింది. అది ఉచితం. ఇప్పటికీ ఏటా కొత్త వెర్షన్ వస్తూనే ఉంది. రెండూ ఒకే ఏడు పుట్టాయి. ఒకటి బతికుంది. ఒకటి ఎప్పుడో పోయింది. మనవాళ్లు ఏరికోరి పోయినదాన్నే పట్టుకున్నారు. అన్ని కాలేజీలూ ఇలాగే ఉన్నాయా అంటారా? లేవు. మారిన ల్యాబులున్నాయి, మనసుపెట్టి చెప్పే మాస్టార్లున్నారు. మరి మీ పిల్లవాడి కాలేజీ ఏ లెక్కలోది? ఎప్పుడైనా అడిగారా? లేక ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేశారా?

బీటెక్ మొదటి ఏడాది పిల్లలు ప్రోగ్రామింగ్‌కు అక్షరాభ్యాసం చేసేది ఈ గదిలోనే. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో ఆ కోర్సు పేరు ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’. యూనివర్సిటీని బట్టి, రెగ్యులేషన్‌ను బట్టి పేరు అటూ ఇటూ మారుతుంది. నడక మాత్రం మారదు. నాలుగు వారాలు గడిచాక ఫాక్టోరియల్ వస్తుంది. ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నీ గుణించాలి. ఐదు ఇస్తే 120 వచ్చింది. శభాష్! తెర చూపించు, సంతకం పెట్టించుకో, రికార్డులో ఎక్కించు. క్లాసులో అరవై మంది ఉంటే అరవై రికార్డుల్లోనూ ఐదే. అరవై రికార్డుల్లోనూ నూట ఇరవయ్యే.

ఎవడో ఓ తుంటరి ఎనిమిది కొడతాడు. రావాల్సింది 40,320. తెర మీద వచ్చేది మైనస్ 25,216!

అన్నీ ప్లస్ సంఖ్యలే కదా గుణించింది? మైనస్ ఎక్కడి నుంచి ఊడిపడింది? కుర్రాడి కళ్లు పెద్దవవుతాయి. చదువు మొదలవ్వాల్సింది ఆ క్షణంలోనే. టర్బో సీలో పూర్ణసంఖ్యలు దాచే ‘ఇంట్’ అంటే పదహారు బిట్లు. 32,767 దాటితే అందులో చోటు లేదు. లెక్క చుట్టుతిరిగి అవతలి కొస నుంచి మైనస్‌గా మొలుస్తుంది. లెక్కల పుస్తకంలో సంఖ్యకు హద్దు లేదు. యంత్రంలో ఉంది. యంత్రం అంటే ఏమిటి, దానికి ఏది చేతనవును, ఏది చేతకాదు అనే శాస్త్రానికి తలుపు సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. తెరుచుకున్న తలుపును మన ల్యాబు ఏం చేస్తుంది? ధడాలున మూసేస్తుంది. “ఎనిమిది ఎవడివ్వమన్నాడ్రా? మాన్యువల్లో ఏముంది? ఐదివ్వు!”

ఐదిస్తాడు. నూట ఇరవై వస్తుంది. అందరూ క్షేమం.

1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియాన్-5 రాకెట్ ఎగిరిన నిమిషం లోపే ముక్కలైంది. కారణం ఏమిటనుకున్నారు? అరవై నాలుగు బిట్ల సంఖ్యను పదహారు బిట్లలోకి కుక్కబోయారు. పట్టలేదు. అంతే. మన ల్యాబులో తుంటరి వాడు కనిపెట్టిన జబ్బూ, రాకెట్‌ను కూల్చిన జబ్బూ ఒకే కుటుంబానివి. అక్కడ విచారణ సంఘం వేసి నివేదిక రాయించారు. ఇక్కడ కుర్రాణ్ని కసిరి కూర్చోబెట్టారు.

కంపైలర్ మార్చగానే పాపం కడుక్కుపోతుందనీ అనుకోకండి. జీసీసీలో సాధారణంగా ‘ఇంట్’ 32 బిట్లు. అదే ఫాక్టోరియల్ ప్రోగ్రాముకు 13 ఇవ్వండి. రావాల్సింది 622 కోట్ల 70 లక్షల 20 వేల 800. వచ్చేది 193 కోట్ల చిల్లర. ఈసారి మైనస్ గుర్తు కూడా ఉండదు. నిండుగా, నమ్మకంగా, దర్జాగా ఓ పచ్చి అబద్ధం. అచ్చం ప్లేస్‌మెంట్ బ్రోచర్ లాగా! కొత్త సాఫ్ట్‌వేర్ దించితే సరిపోదు. ‘ఎనిమిదిస్తే ఏమవుతుంది సార్?’ అన్న ప్రశ్నను బతకనివ్వాలి. దానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. అందుకే కాబోలు ఎవరికీ పట్టలేదు. ఖర్చు లేనిదాంట్లో కమీషనేముంటుంది?

ల్యాబు వదిలి పరీక్ష హాలుకు రండి. అక్కడ ఇంకో వినోదం. ‘ఐ విలువ ఐదు అయితే, ఐ ప్లస్‌ప్లస్ ప్లస్ ప్లస్‌ప్లస్ ఐ ఎంత?’ క్షుద్రపూజ మంత్రం కాదండీ, రెండు మార్కుల ప్రశ్న. ప్లస్‌ప్లస్ అంటే విలువను ఒకటి పెంచమని. తరతరాలుగా అడుగుతున్నారు. కోచింగ్ సెంటర్లలో అడుగుతారు, బిట్ పేపర్లలో అడుగుతారు, వైవాలో కాలు మీద కాలేసుకుని అడుగుతారు. మరి సీ భాష ప్రామాణిక గ్రంథం ఏమంటోంది? 1989 నాటి తొలి ప్రమాణం నుంచీ ఒకటే మాట: ఒకే గుక్కలో ఒకే చలరాశిని రెండుసార్లు మారిస్తే ఫలితం ఇదీ అని మేం చెప్పం, ఏమైనా రావచ్చు. అంటే ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు లేని ప్రశ్నకు సరైన జవాబు రాస్తే రెండు మార్కులు. ‘జవాబు లేదు’ అని రాసినవాడికి సున్నా. నిజం తెలిసినవాణ్ని ఫెయిల్ చేసే పరీక్షను ఇంత పకడ్బందీగా నడపడం మామూలు ప్రతిభా?

‘గెట్స్’ సంగతి చూడండి. కీబోర్డు నుంచి ఓ లైను చదివే ఫంక్షను. ఎంత పొడవు చదవాలో దానికి తెలియదు. డబ్బా నిండినా పోస్తూనే ఉంటుంది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ఈ కన్నంలోంచీ దూరి అమెరికాలో వేల కంప్యూటర్లను పడుకోబెట్టింది. చివరికి 2011 ప్రమాణంలో ఆ ఫంక్షన్‌ను సీ భాషలోంచి పీకి పారేశారు. మన ల్యాబు మాన్యువళ్లలో మాత్రం అది నిక్షేపంగా ఉంది. ‘స్ట్రింగ్‌ను చదువుటకు గెట్స్ వాడవలెను’ అట! మరోపక్క అదే కాలేజీ సైబర్ సెక్యూరిటీ బ్రాంచికి అడ్మిషన్లు తీసుకుంటుంది. మొదటి ఏడాది కన్నం వేయడం నేర్పి మూడో ఏడాది కాపలా నేర్పుతారన్నమాట. సిలబస్‌లో కొనసాగింపు లేదని ఎవరండీ అన్నది?

ఇక రికార్డు. ఆహా, రికార్డు! తెర మీద నడిచిన ప్రోగ్రామును ముందు అబ్జర్వేషన్ పుస్తకంలో చేత్తో రాయాలి. దిద్దించుకోవాలి. దాన్నే మళ్లీ రికార్డులో చేత్తో రాయాలి. కుడి పేజీలో ఎయిమ్, ఆల్గారిథమ్, ప్రోగ్రాం. ఎడమ పేజీలో పెన్సిలుతో ఫ్లోచార్టు. బాణం వంకరపోతే రికార్డు గోడకేసి కొడతారు. లాజిక్ వంకరపోతే? చూసిందెవడు? నిజానికి చాలామంది ప్రోగ్రాం నడిపి రాయరు. సీనియర్ రికార్డు చూసి రాస్తారు. ఆ సీనియరూ తన సీనియర్‌ది చూసే రాశాడు. మధ్యలో ఒకడు సెమికోలన్ మింగేస్తే ఆ లోటు బ్యాచ్‌ల తరబడి వంశపారంపర్యంగా సాగుతుంది. కింద ఎర్ర సిరాతో ‘అవుట్‌పుట్ వెరిఫైడ్’. ఏ అవుట్‌పుట్ సారూ? సెమికోలన్ లేని ప్రోగ్రాం కంపైలే కాదు కదా!

ఈ చూచిరాత చూస్తే ఓ పాత సంగతి గుర్తొస్తుంది. 1936లో కేంబ్రిడ్జిలో అలన్ టూరింగ్ అనే కుర్రాడు ఓ వ్యాసం రాశాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. మన ఇరవై మూడేళ్ల కుర్రాడు సప్లీ ఫీజు కట్టి హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్లో ఉంటాడు, అది వేరే విషాదం. టూరింగ్ ఏం చేశాడు? కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్క చేసే మనిషిని తీసుకున్నాడు. పిల్లల లెక్కల పుస్తకంలోలాగా గళ్ల కాగితం ఊహించాడు. ఆ మనిషి ఒక్కో గడిలో గుర్తు చూస్తాడు, తన మనసులోని స్థితిని బట్టి ఇంకో గుర్తు రాస్తాడు, పక్క గడికి జరుగుతాడు, కొత్త స్థితిలోకి వెళతాడు. ఇంతే. లెక్క అనేదంతా ఇంతలోకి ఒదిగిపోతుందన్నాడు. ఇవాళ మీ జేబులోని ఫోను కూడా సూత్రానికి అదే.

మన కాలేజీలు ఆ సిద్ధాంతాన్ని చదవలేదు గానీ, ఆచరణలో పెట్టేశాయి. చదువుకుందామని వచ్చిన బిడ్డను పట్టుకుని యంత్రం చేశాయి. గుర్తు చూడు, గుర్తు రాయి, కుడికి జరుగు. లైను అయిపోతే కింది లైను. ఒక్కటే తేడా. టూరింగ్ యంత్రం గుర్తు చదివాక స్థితి మారుతుంది. మనవాడు నాలుగేళ్లు చదివినా మారడు. మారకుండా మనం గట్టి జాగ్రత్తలు తీసుకున్నాం!

రెండో ఏడాదో మూడో ఏడాదో ఈ సిద్ధాంతమే సబ్జెక్టుగా వస్తుంది. ‘ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ’. మొదటి ఏడాది సీకి, దీనికి చుట్టరికం ఉందని ఎవరూ చెప్పరు. ఉందా అంటే, ఒకే రక్తం! మొదటి ఏడాది ఫ్లవర్ బ్రాకెట్ మూయడం మరిచిపోతే కంపైలర్ తిట్టింది గుర్తుందా? తెరిచిన బ్రాకెట్లు, మూసిన బ్రాకెట్లు సరిపోయాయో లేదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? లెక్కపెట్టాలంటే జ్ఞాపకం కావాలి. ఇన్నే స్థితులు అని గీత గీసుకున్న ఫైనైట్ ఆటోమేటాకు ఎంత లోతు బ్రాకెట్లనైనా సరిచూడ్డం చేతకాదు. దానికి స్టాక్ అనే జ్ఞాపకం ఉన్న యంత్రం కావాలి. ఏ రకం భాషకు ఏ రకం యంత్రం కావాలో నిచ్చెన మెట్లలా తేల్చే దారి 1956లో నోమ్ చామ్‌స్కీ వేశాడు. అదే 1956లో స్టీఫెన్ క్లీనీ వ్యాసం అచ్చయింది. నేటి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు తల్లివేరు అది. మీరు ఆన్‌లైన్ ఫారంలో ఈమెయిల్ తప్పు కొడితే ఎర్రగీత పడుతుందే, దాని వెనక తరచూ ఉండేది ఆ సంతానమే.

ఇంత మజా ఉన్న సబ్జెక్టును ఎలా చెబుతారు? ‘యూనిట్ టూలో పంపింగ్ లెమ్మా ఇంపార్టెంట్, రాసుకోండి.’ ‘ఏ’లు ఎన్నో ‘బీ’లు అన్ని ఉండే భాష రెగ్యులర్ కాదని నిరూపణ. పేజీన్నర. అందరికీ కంఠోపాఠం. ప్రశ్నపత్రంలో ‘ఏ’ బదులు సున్నా, ‘బీ’ బదులు ఒకటి వచ్చిందనుకోండి. సగం హాలు పైకి లేస్తుంది. ‘అవుట్ ఆఫ్ సిలబస్ సార్!’

ఆటోమేటా అంటే ఏమిటో మన పిల్లలకు అనుభవపూర్వకంగా నేర్పేది ఒక్కటే విభాగం. అకౌంట్స్ సెక్షను. స్థితులు మూడే: ఫీజు కట్టలేదు, సగం కట్టాడు, మొత్తం కట్టాడు. మూడోది ఒక్కటే అంగీకార స్థితి. హాజరు 75 శాతం లేకపోతే, 65 దాటితే, కండొనేషన్ ఫీజు కట్టించుకుని బాణం గుర్తు ముందుకు. జ్ఞాపకం మాత్రం లేదు. నిన్న కట్టింది ఇవాళ గుర్తుండదు, రసీదు తేవాలి. ఇంత శుద్ధమైన నమూనా పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు.

ఆఖరి యూనిట్‌లో హాల్టింగ్ ప్రాబ్లమ్. ఇరవయ్యో శతాబ్దపు మేధ సాధించిన గొప్ప ఫలితాల్లో ఒకటి. నిజానికి దాన్ని పది వాక్యాల్లో చెప్పొచ్చు. ఏ ప్రోగ్రామునైనా చూసి ‘ఇది ఆగుతుంది’, ‘ఇది ఆగదు’ అని తప్పు లేకుండా జోస్యం చెప్పే ఒక మహా ప్రోగ్రాం ఉందనుకుందాం. జ్యోతిష్కుడు అందాం. ఇప్పుడు నేనో మొండి ప్రోగ్రాం రాస్తాను. అది జ్యోతిష్కుడి దగ్గరికెళ్లి తన జాతకమే అడుగుతుంది. ‘నువ్వు ఆగుతావు’ అంటే ఆగకుండా తిరుగుతుంది. ‘ఆగవు’ అంటే అక్కడికక్కడే ఆగుతుంది. ఏం చెప్పినా జ్యోతిష్కుడి మాట తప్పు. కాబట్టి అలాంటి జ్యోతిష్కుడు ఉండడు. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా, ఎన్ని కోట్లు పోసినా ఉండడు. యంత్రానికి దాటలేని గీత ఒకటుందని కంప్యూటర్లు పుట్టకముందే నిరూపించారు. చెప్పండి, ఇది పదిహేడేళ్ల పిల్లకు అర్థం కాదా? ఒళ్లు జలదరించదా? మరి మన దగ్గర? ‘షార్ట్ నోట్, ఐదు మార్కులు, నాలుగేళ్లకోసారి వస్తుంది, వదిలేసినా పర్లేదు.’

వేరే దారి లేదా అంటే, దారి వేసి చాలా కాలమైంది. అమెరికాలో ఎంఐటీ తొలి కోర్సు కోసం ఏబెల్సన్, సస్‌మన్ దంపతులు కలిసి రాసిన పుస్తకం 1985లో అచ్చయింది. పాఠాలు స్కీమ్ అనే చిన్న భాషలో. అందులో విద్యార్థి ప్రోగ్రాములు రాయడంతో ఆగడు. తాను రాస్తున్న భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్‌నే తన చేత్తో కట్టుకుంటాడు. ప్రోగ్రామూ, దాన్ని నడిపే యంత్ర నమూనా ఒకే కోర్సులో, ఒకే పిడికిట్లో. ‘అది ఎంఐటీ బాబూ, మనదెక్కడ’ అంటారా? పుస్తకం మొత్తం నెట్‌లో ఉచితం. స్కీమ్ ఉచితం. ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. ఉచితం అంటే ఎన్నికలప్పుడు అంత మోజు పడతామే, దీని దగ్గర ఎందుకో మొహం చాటేస్తాం!

మాస్టార్ల మీద విరుచుకుపడటం తేలిక. ఆ బక్కప్రాణిని ఎవరు తెచ్చి అక్కడ నిలబెట్టారో కూడా అడగండి. 2024-25 నుంచి బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. వసతులుంటే, అధ్యాపకులుంటే ఎన్నైనా అడుగు అంది. అడగమంటే ఆగుతారా? సివిల్‌కు తాళం, మెకానికల్‌కు తాళం. సీఎస్ఈ పక్కన బ్రాకెట్లు మొలిచాయి. బ్రాకెట్లో ఏఐ, బ్రాకెట్లో డేటా సైన్స్, బ్రాకెట్లో సైబర్ సెక్యూరిటీ. బ్రాంచిలు ఆరు, బ్రాకెట్ల బయట చెప్పే పాఠం ఒకటే. మరి పాఠం చెప్పేదెవరు? నిన్నటిదాకా థర్మోడైనమిక్స్ చెప్పిన సారే. ‘మీకో వారం టైమిస్తున్నాం, సీ నేర్చుకుని చెప్పేయండి, లేదంటే మీ ఇష్టం.’ పాపం ఆయన రాత్రి యూట్యూబ్‌లో చూస్తాడు, పొద్దున బోర్డు మీద ఎక్కిస్తాడు. ఎనిమిది కొట్టిన కుర్రాడి మీద కసిరాడంటే ఎందుకు కసరడూ? ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు? జీతం సగం, అదీ నెలలు గడిచాక. ఇరవై మంది విద్యార్థులకు ఓ అధ్యాపకుడు అన్నది నిబంధన. నిబంధన కాగితం మీద పచ్చగా ఉంది. తనిఖీ రోజు చూడాలి వైభోగం! ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో ఆ పూట స్టాఫ్‌రూంలో ప్రత్యక్షం. కొత్త టై, అరువు సంతకం. బిర్యానీ తిన్నాక అందరూ హుష్‌కాకి. తనిఖీకి వచ్చిన పెద్దలకు ఇవేం తెలియవనుకుంటున్నారా? బిర్యానీ వాళ్లూ తిన్నారు కదండీ!

కాగితాల సంగతికొస్తే మనల్ని కొట్టేవాడు లేడు. 2014లో భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. మన గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ చదువు బయటి దేశాల చదువుకు సాటి అని దాని సారం. దానికోసం ‘అవుట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్’ వచ్చింది. విద్యార్థికి ఏం వచ్చిందో కొలవమన్నారు. మంచి మాటే. మనం ఏం కొలిచాం? కోర్సు అవుట్‌కమ్‌లు ఆరు ఒకవైపు, ప్రోగ్రాం అవుట్‌కమ్‌లు ఇంకోవైపు. మధ్య గళ్లలో ఒకటి, రెండు, మూడు అంకెలు. ‘ఫాక్టోరియల్ ప్రోగ్రాం వల్ల సమాజం పట్ల బాధ్యత ఎంత పెరిగింది?’ మూడు వేసుకో. చివర్లో ఎక్సెల్ షీటు ‘అటైన్‌మెంట్ 2.4’ అని తేలుస్తుంది. రావాల్సిన జవాబు ముందే రాసుకుని, దాని నుంచి మార్కులు వెనక్కి పుట్టిస్తారు. నిజం చెప్పాలంటే కాలేజీ మొత్తంలో తప్పు లేకుండా నడుస్తున్న ప్రోగ్రాం ఆ ఎక్సెల్ షీటొక్కటే.

చామ్‌స్కీ, క్లీనీల 1956లోనే బెంజమిన్ బ్లూమ్ బృందం పుస్తకం కూడా వచ్చింది. జ్ఞానానికి మెట్లు కట్టింది. తర్వాత సవరించిన రూపంలో అడుగున గుర్తుంచుకోవడం, పైన విశ్లేషణ, ఇంకా పైన సృజన. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న పక్కనా ఇప్పుడు ఆ మెట్టు నంబరు వేస్తున్నారు. ‘పాలిండ్రోమ్ ప్రోగ్రాం రాయుము’ పక్కన ‘ఎల్-6, సృజన’ అని ఉంటుంది. ఆ సృజన ‘ఆల్ ఇన్ వన్’ గైడులో అచ్చులో దొరుకుతుంది. కాపీ కొట్టడానికి కూడా మెట్లెక్కాల్సి రావడం తప్ప కొత్తగా ఒరిగిందేమిటి?

ప్రభుత్వాల సంగతా? అబ్బో! అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని 2025లో ప్రకటించారు. హైదరాబాద్ పక్కన ఏఐ సిటీ అని 2024లోనే ప్రకటించారు. ఏఐసీటీఈ ఏకంగా 2025ను ‘కృత్రిమ మేధ సంవత్సరం’ అంది. సంతోషం. క్వాంటమ్ కంప్యూటర్ రావాలి, ఎవరొద్దన్నారు? కానీ మామూలు సంఖ్య పదహారు బిట్లు దాటితే ఏమవుతుందో చెప్పనివ్వని చోట క్యూబిట్ గురించి ఎవరు చెబుతారు, ఎవరికి చెబుతారు? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట. వేదిక మీద వేల కోట్ల ఒప్పందం. కింద ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి. ప్రభుత్వం ఇవ్వలేదని యాజమాన్యం, యాజమాన్యం ఇవ్వలేదని మాస్టారు, ఫీజు రాలేదని పిల్లవాడి సర్టిఫికెట్లు బీరువాలో. ఎవరు ఎవరికి ఎప్పుడిస్తారో తేల్చే ప్రోగ్రాం రాయమనండి చూద్దాం. టూరింగ్ కూడా దండం పెట్టి తప్పుకుంటాడు.

సరే, నాలుగేళ్లు గడిచాయి. పట్టా చేతికొచ్చింది. ఇప్పుడు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి! అవునండీ, ఇప్పుడే. అందుకే కదా అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల కరెంటు స్తంభం కనపడకుండా కోర్సుల బోర్డులు. కాలేజీ నాలుగేళ్లలో చెప్పనిది అక్కడ నాలుగు నెలల్లో చెబుతామంటారు. ఒకే చదువుకు రెండుసార్లు ఫీజు. మొదటిది కాగితానికి, రెండోది పనికి. నేల మీద కూర్చోబెట్టినా అక్కడ ప్రోగ్రాం కనీసం నడుస్తుంది. ఏసీ ఆడిటోరియం కట్టిన కాలేజీ ఆ మాత్రం సిగ్గుపడిందా? బ్రోచర్‌లో ఆ కుర్రాడి ఫొటోనే వేసుకుంది. ‘మా విద్యార్థి’ అట!

ఇప్పుడు ఆ దారి కూడా ఇరుకైంది. చూసి రాయడం, అటూ ఇటూ మార్చి అతికించడం అనే పనిని కృత్రిమ మేధ క్షణాల్లో చేసిపెడుతోంది. ఫాక్టోరియల్ అడగండి, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఇస్తుంది. రికార్డు కూడా అదే రాస్తుంది. మనం నాలుగేళ్లు, లక్షల ఫీజు పోసి ఏ విద్యలో పిల్లల్ని ఆరితేర్చామో సరిగ్గా ఆ విద్యే చవకైపోయింది. మనిషికి మిగిలింది ఏమిటి? ఆ యంత్రం ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో పసిగట్టడం. ఎక్కడ విరుగుతుందో ఊహించడం. దేన్ని ఏ యంత్రమూ తేల్చలేదో తెలియడం. అంటే మనం కసిరి కూర్చోబెట్టిన ప్రశ్న, వదిలేసినా పర్లేదన్న ఐదు మార్కుల షార్ట్ నోట్! పారేసిందంతా బంగారం. దాచుకున్నదంతా తవుడు.

తిలా పాపం తలా పిడికెడు. అందులో మన పిడికెడూ ఉంది. కౌన్సెలింగ్ రోజున మనం అడిగేదేమిటి? ‘హైయెస్ట్ ప్యాకేజీ ఎంతండీ?’ వాళ్లు ఒక్కడి ప్యాకేజీ చెబుతారు. మిగతా వాళ్ల సంగతి మనం అడగం, వాళ్లు చెప్పరు. ‘బస్సు మా వీధిలోకి వస్తుందా? హాస్టల్లో ఆదివారం చికెనుందా?’ బేరం అయిపోయింది. టమాటాలు కొనేటప్పుడు ఒక్కోటీ నొక్కి చూసే మనం నాలుగేళ్ల చదువును ఫ్లెక్సీ చూసి కొనేస్తున్నాం. వాళ్లకు మాత్రం చదువు చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?

అందుకని ఈసారి కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు ప్యాకేజీ మాట ఎత్తకండి. కన్వీనర్ కోటాలో అయినా, బీ-కేటగిరీలో అయినా, కుర్చీలో తీరిగ్గా కూర్చోండి. కాఫీ ఇస్తే తాగండి. తాగి, నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ చెప్పేది ఎవరు, ఆయన చదివిందేమిటి, నెలనెలా జీతం ఇస్తున్నారా? ల్యాబులో పిల్లవాడు తనకు తోచిన ఇన్‌పుట్ ఇవ్వొచ్చా, తప్పు వస్తే కూర్చోబెట్టి ఎందుకొచ్చిందో చెబుతారా? రికార్డు చేత్తో ఎన్నిసార్లు రాయిస్తారు, ఎందుకు? ఆల్ ఇన్ వన్‌లో జవాబు దొరకని ప్రశ్న మీ మిడ్ పరీక్షలో ఆఖరిసారి ఎప్పుడిచ్చారు, ఆ పేపరు చూపిస్తారా?

కరస్పాండెంట్ గారు గొంతు సవరించుకుంటారు. ప్రిన్సిపాల్ గారు కరస్పాండెంట్ వంక చూస్తారు. పీఆర్వో మళ్లీ బ్రోచర్ అందిస్తాడు. మీరు తొణక్కండి. ఫీజు ఎప్పుడు కడుతున్నారని వాళ్లే అడుగుతారు, అది తప్పదు. అప్పుడు చెప్పండి: “వాయిదాల్లో కడతామండీ. నాలుగు ప్రశ్నలు, నాలుగు వాయిదాలు. జవాబు వచ్చినప్పుడల్లా ఒకటి.”